కడుపుతో ఉన్నప్పుడు స్మియర్ రిపోర్టు తేడాగా వస్తే ఏం చేయాలి

మా అమ్మావాళ్లది బొబ్బిలి. 2016లో పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు, నాలుగో నెలలో కాస్త ఎర్రగా కనబడితే అమ్మ నన్ను దగ్గర్లోని ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్లింది. డాక్టరమ్మ లోపల చూసి స్మియర్ తీసి పంపారు. స్మియర్ అంటే గర్భసంచి మూతి నుంచి బ్రష్‌తో కొన్ని కణాలు తీసి మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. "భయం ఏమీ లేదు, కాన్పయ్యాక మళ్లీ ఒకసారి చేయిద్దాం" అన్నారు. కాన్పయింది. మూడో నెలలో బిడ్డనెత్తుకుని నరసన్నపేటలో అత్తారింటికి వచ్చేశాను. ఆ కాయితం అమ్మ బీరువాలో పట్టుచీరల కింద ఉండిపోయింది. అక్కడివాళ్లు రమ్మని కబురు చెయ్యలేదు, నేనూ వెళ్లి అడగలేదు.

2023లో రెండోసారి నెల తప్పాను. పన్నెండో వారంలో తీసిన స్మియర్‌లో హెచ్‌సిల్ అని వచ్చింది, అంటే కణాల్లో ఎక్కువ స్థాయి మార్పు. అమ్మకి ఫోన్ చేస్తే బీరువా అంతా వెతికి, "ఇదేనేటమ్మా, ఆ పాత ఆస్పత్రి కాయితం?" అని ఫొటో తీసి పంపింది. దాంట్లో ఎస్కస్ అని రాసి ఉంది. ఎస్కస్ అంటే కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి, ఏమిటన్నది తేలలేదు అని. ఏడేళ్ల క్రితం తేలనిది ఇప్పుడు తేలింది.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. కణాల మీద ఏటా పాఠం చెప్తాను. అయినా ఆ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చూసిన రాత్రి చేతులు వణికాయి. ఆ రాత్రి నా పక్కన కూర్చుని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ విషయంలో ఏ నిర్ణయమైనా మీ డాక్టరమ్మతో కూర్చుని తీసుకోండి. కానీ ఏం అడగాలో తెలిసి వెళ్తే ఆ పది నిమిషాలు వృథా పోవు.

మూతి మారుతుంది, అది జబ్బు కాదు

సర్విక్స్‌ని పుస్తకాల్లో గర్భాశయ ముఖద్వారం అంటారు, మా వైపు గర్భసంచి మూతి అంటారు. మామూలు రోజుల్లో అది ముక్కు కొనలా గట్టిగా ఉంటుంది. గర్భం వచ్చాక పెదవిలా మెత్తబడుతుంది. నర్సింగ్ పిల్లలకు ఇలాగే చెప్తారు. ముక్కు కొన ఒకసారి, కింది పెదవి ఒకసారి ముట్టుకుని చూడండి, తేడా తెలిసిపోతుంది. రంగు కూడా మారుతుంది. రక్తం ఎక్కువగా చేరడం వల్ల నీలం కలిసిన వంకాయ రంగులోకి వస్తుంది. లోపలి వైపు ఉండే సున్నితమైన పొర ఈస్ట్రోజెన్ వల్ల బయటికి తిరుగుతుంది. అందుకే గర్భంలో లోపల చూస్తే ఎర్రగా పుండులా కనిపిస్తుంది, దూది తగిలితే చాలు రెండు చుక్కల రక్తం వస్తుంది. "మూతి మీద పుండుంది" అని ఎవరైనా అంటే వెంటనే కుంగిపోకండి. అది గర్భం వల్ల వచ్చిన మార్పా, కణాల్లో తేడానా అని అడగండి. కంటితో చూసి చెప్పలేకపోతే స్మియర్ తీసి చూస్తారు.

ఇంకో గందరగోళం ఉంది. ఐదో నెల టిఫా స్కాన్‌లో "సర్వైకల్ లెంగ్త్" అని ఒక అంకె రాస్తారు. అది మూతి పొడవు. ఆ సమయానికి 25 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే నెలలు నిండకముందే కాన్పయ్యే ప్రమాదం ఉందని ప్రొజెస్టెరాన్ మందో, కొందరికి కుట్టో వేస్తారు. దానికీ స్మియర్‌కీ సంబంధం లేదు. పొడవు బాగుంది కాబట్టి కణాలూ బాగున్నాయనుకోవద్దు, కణాల్లో తేడా ఉంది కాబట్టి బిడ్డ నిలవదనీ అనుకోవద్దు. ఈ రెండూ కలిసే సందర్భం ఒక్కటే: ఇంతకుముందు మూతి మీద లీప్ గానీ కోన్ బయాప్సీ గానీ (తేడా ఉన్న భాగాన్ని తీసేసే చిన్న ఆపరేషన్లు) చేయించుకుని ఉంటే, తర్వాతి గర్భంలో మూతి పొట్టిగా ఉండే అవకాశం ఉంటుంది. అలాంటివాళ్లు మొదటి చెకప్‌లోనే ఆ మాట చెప్పాలి.

స్మియర్ తీయించుకునే రోజు

కడుపుతో ఉన్నవాళ్లకు స్మియర్ తీయొచ్చు. బిడ్డ ఉండేది మూతికి పైన, ఉమ్మనీటి సంచిలో. బ్రష్ అక్కడిదాకా వెళ్లదు. మా అత్తయ్య ఎంతో ఆందోళనగా, "ఏటమ్మా, కడుపుతో ఉన్నోళ్లకి అక్కడ ఏటి పరీచ్చలు? పిల్లకి తగిల్తే?" అంది. ఆవిడకి లోటా, మూత చూపించి చెప్పాను: లోపల నీళ్లలో బిడ్డ, మూత బయట మనం తుడుస్తాం అంతే అని. ఆవిడే తర్వాత నాతో ఆస్పత్రికి తోడొచ్చింది. మీ ఇంట్లో కూడా ముందుగా పెద్దవాళ్లకు చెప్పండి. ఆ రోజు ఒక మనిషి తోడుండడం చాలా అవసరం.

రెండు రోజుల ముందునుంచి కలయిక వద్దు, లోపల పెట్టే మాత్రలు వద్దు. ఏ మాత్రయినా డాక్టరు రాసి ఉంటే ఆపే ముందు అడగండి. మూత్రం పోసుకుని వెళ్లండి. స్మియర్ తర్వాత ఒకట్రెండు రోజులు చుక్క చుక్కగా ఎర్రగా పడొచ్చు. ప్యాడ్ తడిసేలా వచ్చినా, కడుపు నొప్పి ఉన్నా, వాసనతో నీరు పోయినా వెంటనే వెళ్లాలి. ఏడో నెల దాటాక రక్తం కనబడితే మాత్రం ఎవరినీ వేలు పెట్టి చూడనివ్వకండి. ముందు స్కాన్‌లో మాయ ఎక్కడుందో చూడాలి. మాయ కిందికి ఉంటే వేలు పెట్టడం వల్లే రక్తం ఆగకుండా పోవచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైన పని చాలా చిన్నది. ల్యాబ్‌కు పంపే ఫారం మీద "గర్భవతి, ఇన్ని వారాలు" అని రాయించండి. రాశారో లేదో మీ కళ్లతో చూడండి. గర్భంలో మూతి మీదకు, గర్భసంచి పొరనుంచి కొన్ని పెద్ద పెద్ద కణాలు వస్తాయి. మైక్రోస్కోప్ కింద అవి చెడ్డ కణాల్లా కనబడి మోసం చేస్తాయి. స్లైడ్ చూసే డాక్టరుకి గర్భం సంగతి తెలిస్తే ఆ జాగ్రత్తతో చూస్తారు. నా మొదటి రిపోర్టు మీద వయసు తప్ప ఇంకేమీ లేదు.

మా ఊళ్లలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు కేన్సర్ స్క్రీనింగ్‌కి పేర్లు రాసుకుంటారు కదా, అది ముప్పై నుంచి అరవై అయిదేళ్ల లోపు వాళ్లకు, ఎక్కువగా వెనిగర్ లాంటి యాసిడ్ పూసి చూసే పరీక్ష. కడుపుతో ఉన్నవాళ్లను అందులో వదిలేస్తారు. వదిలేసినప్పుడు "కాన్పయ్యాక నా పేరు మళ్లీ రాయండి" అని మీరే గట్టిగా చెప్పాలి. మన దేశంలో 2022లో గర్భసంచి మూతి కేన్సర్ కొత్తగా వచ్చినవాళ్లు సుమారు 1 లక్షా 27 వేలమంది, పోయినవాళ్లు 80 వేలకు దగ్గర. వాళ్లలో కాన్పుకి ఆస్పత్రి గడప తొక్కినవాళ్లు ఎంతమందో ఆలోచిస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రిపోర్టులో ఆ అక్షరాలు

ఎన్ఐఎల్ఎం అంటే చెడు ఏమీ కనబడలేదు. ఎస్కస్ సంగతి పైన చెప్పాను, దానికి, ఈ మార్పులు తెచ్చే వైరస్‌ని వెతికే హెచ్‌పీవీ పరీక్ష జతచేస్తే చాలావరకు తేలిపోతుంది. ఎల్‌సిల్ అంటే తక్కువ స్థాయి మార్పు, ఎక్కువగా హెచ్‌పీవీ వైరస్ తాకిన గుర్తు. చాలామందిలో దానంతటదే పోతుంది. హెచ్‌సిల్ అంటే ఎక్కువ స్థాయి మార్పు. ఇదీ కేన్సర్ కాదు, వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ కేన్సర్ కాగల మార్పు. స్మియర్ అనేది వలలాంటిది, రోగ నిర్ధారణ కాదు. హెచ్‌సిల్ వస్తే తర్వాతి మెట్టు కాల్పోస్కోపీ, అది గర్భంలో ఉన్నా చేయించుకోవాల్సిందే.

నాకు పదిహేనో వారంలో విశాఖలో చేశారు. తెల్లారుజామున నరసన్నపేటలో బస్సెక్కాం. కాల్పోస్కోపీ అంటే బయట ఉండి చూసే భూతద్దం, లోపలికి దూర్చేది కాదు. గర్భంలో యోని గోడలు వదులై లోపలికి పడిపోతుంటాయి, మూతి కనబడనివ్వవు. అందుకని సిస్టరమ్మ స్పెక్యులానికి (యోనిని తెరిచి పట్టుకునే పరికరం) కండోం తొడిగి కొన కత్తిరించింది. గోడలు పక్కకి ఆగి, మూతి తెరమీద కనబడింది. నా మూతిని నేను చూడడం అదే మొదలు. పాఠంలో చెప్పే వంకాయ రంగే. అసిటిక్ యాసిడ్ నీళ్లు దూదితో అద్ది, ఒక నిమిషం ఆగమన్నారు. ఆ నిమిషంలో గడియారం పన్నెండు గంటల వైపు, పాల మీద తొరక కట్టినట్టు తెల్లటి మచ్చ మెల్లగా తేలింది. అంచులు స్పష్టంగా ఉన్నాయి. చెడ్డ కణాల్లో కేంద్రకం పెద్దదై ప్రొటీన్ ఎక్కువుంటుంది, ఆ యాసిడ్‌కి అది తెల్లబడుతుంది.

అక్కడనుంచి చిన్న ముక్క తీశారు. గర్భంలో బయాప్సీ అందరికీ చెయ్యరు, అనుమానం గట్టిగా ఉంటేనే. మూతి లోపలి గొట్టాన్ని గోకి తీసే పద్ధతి మాత్రం గర్భంలో అస్సలు చెయ్యకూడదు. అదొక్కటీ గుర్తుపెట్టుకుని ముందే అడగండి. ముక్క తీసిన చోట రక్తం ఆగడానికి ఆవపిండి లాంటి పసుపు రంగు పేస్టు అద్దారు. రెండు రోజులు కాఫీపొడి లాంటిది పడింది. అది ఆ పేస్టే. ఎవరూ చెప్పకపోతే చూసి గుండె జారిపోతుంది.

బయాప్సీలో సిన్ 2 అని వచ్చింది, అంటే మూతి పై పొర కణాల్లో మధ్యస్థాయి మార్పు, కేన్సర్ కాదు. లోతుకి పాకలేదు. ఇలా వచ్చినప్పుడు గర్భంలో చికిత్స చెయ్యరు. కోసినా కాల్చినా రక్తం ఎక్కువ పోతుంది, గర్భానికి ముప్పు. పైగా కొందరికి కాన్పు తర్వాత అదే తగ్గుతుంది. పన్నెండు నుంచి ఇరవైనాలుగు వారాలకోసారి కాల్పోస్కోపీతో చూస్తూ ఉంటారు. నాకు ఇరవైతొమ్మిదో వారంలో మళ్లీ చూశారు, అలాగే ఉంది. ఒకవేళ లోతుకి పాకిన కేన్సర్ అనుమానం వస్తే దారి వేరు. అప్పుడు గైనిక్, కేన్సర్, పిల్లల డాక్టర్లు ముగ్గురూ కలిసి చూసే చోటికే వెళ్లాలి. విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి. మామూలు చెకప్‌లకైతే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భవతులకు ప్రత్యేకంగా చూస్తారు. ఆ రోజు డాక్టరమ్మని స్మియర్ సంగతి అడగొచ్చు.

సిన్ ఉందని సిజేరియన్ అక్కర్లేదు. నాకు ముప్పైతొమ్మిదో వారంలో మామూలు కాన్పే అయింది. పాప.

బిడ్డకీ గడ్డకీ ఒకే తాళమా?

రాత్రిళ్లు నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇది. గర్భంలో ఇమ్యూనిటీ తగ్గుతుందంటారు కదా, మరి నాలోని ఈ మచ్చ పెరిగిపోదా?

బిడ్డలో సగం తండ్రిది. కిడ్నీ మార్పిడిలో వేరేవాళ్ల కిడ్నీ పెడితే శరీరం ఊరుకోదు. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల ఊళ్లలో బంధువులున్నవాళ్లకి ఆ మందుల బాధ తెలుసు. మరి బిడ్డని తొమ్మిది నెలలు ఎలా మోస్తుంది? 1953లో పీటర్ మెడవార్ అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నే వేశాడు. ఇన్నేళ్లలో కొంత జవాబు దొరికింది. మాయ కణాలు తండ్రి గుర్తింపు చీటీల్లో ముఖ్యమైనవాటిని దాచేసి, హెచ్ఎల్ఎ-జి అనే ప్రత్యేకమైన చీటీ చూపిస్తాయి. కాపలా కాసే ఎన్‌కే కణాలు దాన్ని చూసి చంపకుండా వదిలేస్తాయి. పీడీ-ఎల్1 అనే ఇంకో గుర్తు టీ కణాలకు (ఇవీ ఇమ్యూనిటీ కణాలే) "ఆగు" అని చెప్తుంది. వీటికి తోడు నియంత్రణ టీ కణాలు గొడవ సర్దుతూ ఉంటాయి. ఆ కణాల గురించిన పనికే 2025లో బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచిలకు నోబెల్ వచ్చింది. ఎలుకల్లో ఆ కణాల్ని తీసేస్తే, వేరే వంశపు తండ్రి ఎలుక వల్ల వచ్చిన పిల్లలు కడుపులో నిలవలేదు.

కేన్సర్ గడ్డ కూడా ఇవే తాళంచెవులు దొంగిలిస్తుంది. హెచ్‌పీవీ తన ఇ6, ఇ7 ప్రొటీన్లతో కణంలోని రెండు కాపలాదారుల్ని, పీ53ని ఆర్‌బీని, పడగొడుతుంది. తర్వాత గడ్డ కణాలు చీటీలు దాస్తాయి, పీడీ-ఎల్1 పైకి తెస్తాయి. ఇలాంటి "ఆగు" గుర్తుల్ని తొలగించే మందుల దారి చూపినందుకే 2018 నోబెల్ ఆలిసన్‌కీ హోంజోకీ ఇచ్చారు. గర్భసంచి మూతి కేన్సర్ ముదిరినవాళ్లలో కొందరికి ఇప్పుడు ఆ మందు ఇస్తున్నారు. కానీ కడుపుతో ఉన్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరు. కారణం మీకు అర్థమయ్యే ఉంటుంది: గడ్డకున్న తాళం తీస్తే బిడ్డ తాళం కూడా ఊడొచ్చు. ఎలుకల్లో పీడీ-ఎల్1ని అడ్డుకుంటే గర్భాలు పోవడం పెరిగింది.

మరి నా మచ్చ? గర్భంలో ఒళ్లంతా ఇమ్యూనిటీ చచ్చిపోదు. మాయ అంటుకున్న చోట మాత్రం దాని తీరు మారుతుంది. సిన్ ఉన్న గర్భిణుల్ని గమనిస్తూ పోతే, చాలామందిలో అది ఉన్నచోటే ఉంది లేదా తగ్గింది. గర్భం ఆ కొన్ని నెలల్లోనే కేన్సర్‌గా మార్చేయడం అరుదు. ఇది చదివాకే నేను సరిగ్గా నిద్రపోయాను. ఒక మినహాయింపు చెప్పాలి: హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకు ఈ కేన్సర్ ప్రమాదం ఆరు రెట్లు ఎక్కువ. వాళ్లు ఒక్క అపాయింట్‌మెంట్ కూడా వదలకూడదు.

పరిశోధన వార్త వాట్సాప్‌లో వస్తే మూడు విషయాలు చూడండి: గాజు పళ్లెంలో కణాల మీద చేశారా, ఎలుకల మీదా, ఆడవాళ్ల మీదా? ల్యాబుల్లో ఎక్కువగా వాడే హీలా కణాలు 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే తల్లి గర్భసంచి మూతి గడ్డనుంచి తీసినవే. డెబ్బై ఏళ్లకు పైగా గాజు పళ్లేల్లో పెరుగుతున్న కణం, ఇమ్యూనిటీ మధ్యలో బతికే మీ కణంలా ప్రవర్తించదు. ఆడవాళ్ల మీదే చేశారంటే, వాళ్లు గర్భవతులా కాదా చూడండి. చాలా మందుల పరీక్షల్లో గర్భవతుల్ని చేర్చుకోరు.

కాన్పయ్యాక తేదీ

అసలు ఇదంతా రాయడం దీనికోసమే. మా ప్రాంతంలో ఆడపిల్ల కాన్పుకి పుట్టింటికి వెళ్తుంది, మూడో నెలలో అత్తింటికి వస్తుంది. రిపోర్టు ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో. బాలింతకి పథ్యం చూసేవాళ్లుంటారు, నీళ్లు పోసేవాళ్లుంటారు, పరీక్ష తేదీ గుర్తుచేసేవాళ్లు ఉండరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా కాన్పుతోపాటే అయిపోతే "ఇంకా ఆస్పత్రి ఎందుకు?" అనుకుంటారు.

కాన్పు తర్వాత నాలుగు వారాల లోపు కాల్పోస్కోపీ చెయ్యరు, మూతి ఇంకా మానుతూ ఉంటుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బాగుంటుంది. బిడ్డకి ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలుంటాయి. నేను పాప టీకా కార్డులో పది వారాల గడి పక్కన ఎర్ర పెన్నుతో "అమ్మ మూతి పరీక్ష" అని రాసుకున్నాను. బిడ్డ టీకా ఎవరూ మర్చిపోనివ్వరు. ఏఎన్ఎం ఫోన్ చేస్తుంది, అత్తయ్య గుర్తుచేస్తుంది. ఆ రోజు పాపకి టీకా వేయించి, మర్నాడు విశాఖ వెళ్లాను. రిపోర్టుల అసలు ప్రతులు నా దగ్గర, ఫొటోలు మా ఆయన ఫోన్లో, అప్ప (అక్క) ఫోన్లో.

నా మచ్చ తగ్గలేదు. సిన్ 2 అలాగే ఉంది. మూడు వారాల తర్వాత లీప్ చేశారు. కరెంటు తీగ ఉచ్చుతో ఆ భాగాన్ని మాత్రం గీసి తీసేస్తారు. మత్తు సూది అక్కడే ఇచ్చారు. బల్లమీద ఉన్నది పావుగంట. నెలరోజులు నీళ్లలా పోతుంది, బరువులెత్తకూడదు, కలయిక వద్దు. పాపకి పాలివ్వడం ఒక్కపూట కూడా ఆపలేదు.

ఈ సమయంలోనే చుట్టాలు, ఒక్కోసారి ఆర్ఎంపీలు కూడా, "గర్భసంచి తీయించేయ్, పీడా పోతుంది" అంటారు. మా పెదనాన్న కోడలు, వదిన వరస, ముప్పైరెండేళ్లకే తెల్లబట్ట అవుతోందని తీయించేసుకుంది. సిన్‌కి మామూలుగా గర్భసంచి తీయనక్కర్లేదు. తీసేసినా పరీక్షలు తప్పవు, వైరస్ యోని పైభాగంలో మిగిలి ఉండొచ్చు. ఎవరైనా తీయాలని చెప్తే బయాప్సీ కాయితం చూపించమనండి, ఇంకో డాక్టరుని అడగండి.

లీప్ తర్వాత ఆరు నెలలకు హెచ్‌పీవీ పరీక్ష చేయించాను, నెగెటివ్ వచ్చింది. ఇక్కడితో అయిపోలేదు. కనీసం పాతికేళ్లపాటు పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మొదట్లో ఏడాదికోసారి, తర్వాత మూడేళ్లకోసారి. ఆ తేదీలన్నీ ఇప్పుడు మా ఇంటి కేలండర్లో కాదు, పాప టీకా కార్డు వెనకే రాసుకుంటున్నాను.

హెచ్‌పీవీ టీకా గురించి అడుగుతారు. గర్భంలో వేసుకోకూడదు. గర్భం సంగతి తెలియక ఒక డోసు వేసుకుంటే దానికోసం గర్భం తీయించుకోనక్కర్లేదు, మిగతా డోసు కాన్పయ్యాక. పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు. ఉన్న మచ్చని అది తీసెయ్యదు. ఆడపిల్లలకు తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య వేయిస్తే ఎక్కువ పని చేస్తుంది. మన దేశంలో తయారైన సర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది. మా పాప కార్డు చివరి పేజీలో దాని సంవత్సరం కూడా అదే ఎర్ర పెన్నుతో రాశాను: 2033.